వెండి రేకు మీది ముఖాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వెండి రేకు మీద ఫొటో తీసే పాత పద్ధతి డాగరోటైప్ గురించే. శీర్షిక మొత్తం దానికే కేటాయిస్తున్నాను. ఒకే సందేహాన్ని ఇద్దరు ముగ్గురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాను.

సందేహం: ఫోన్ తీసి నొక్కితే ఫొటో వచ్చేస్తున్న రోజుల్లో 1839 నాటి పద్ధతిలో వెండి రేకుల మీద ముఖచిత్రాలు తీసే కళాకారులు ఇప్పటికీ ఉన్నారని మా అధ్యాపకుడు చెప్పారు. ఇది పాత మీద మోజేనా, ఇంకేమైనా ఉందా?
— ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని, హైదరాబాద్

సమాధానం: మోజుతో మొదలుపెట్టేవాళ్ళు ఉన్నారమ్మా. పది రేకులు పాడయ్యేసరికి వాళ్ళలో చాలామంది మానేస్తారు. మిగిలినవాళ్ళను పట్టి ఉంచేది వేరే ఉంటుంది. ముగ్గురి పని చెబుతాను, మీరే చూసుకోండి.

అమెరికన్ చిత్రకారుడు చక్ క్లోజ్ (1940–2021) జీవితమంతా ముఖాలే వేశాడు, అదీ గోడంత పెద్దవి. 1988లో వెన్నుపాములోని రక్తనాళం దెబ్బతిని చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. అంతకన్నా ఆశ్చర్యం, ఆయనకు ముఖాలు గుర్తుండేవి కావు. ఎదుటి మనిషి తల కాస్త తిప్పితే కొత్త మనిషిలా కనిపించేవాడని, అదే ముఖం బల్లపరుపుగా బొమ్మలోకి దిగితే మాత్రం మనసులో నిలిచేదని తానే చెప్పుకున్నాడు. అలాంటి మనిషి 1990ల చివర్లో డాగరోటైప్ దగ్గరికి వచ్చాడు. రేకు సిద్ధం చేయడం, రూపం తేల్చడం జెర్రీ స్పాగ్నోలీ చూసుకునేవాడు. ఎవరు కూర్చోవాలి, ముఖం ఎంత దగ్గరగా రావాలి, వెలుగు ఎటు నుంచి పడాలి అన్నవి క్లోజ్ నిర్ణయాలు. సంగీతకారుడు ఫిలిప్ గ్లాస్, కళాకారిణులు సిండీ షెర్మన్, కారా వాకర్ వంటి మిత్రులు అలా కూర్చున్నారు. ఎనిమిదిన్నర అంగుళాల పొడవు, ఆరున్నర అంగుళాల వెడల్పు ఉన్న రేకులో చర్మరంధ్రాలూ కనురెప్పల వెంట్రుకలూ లెక్కపెట్టుకోవచ్చు. ఆ ముఖాలను తర్వాత పెద్ద పెద్ద జాకార్డ్ నేత తెరలుగా కూడా నేయించాడు. వాటికి రేకులో ఉన్న బలం లేదని నాకనిపిస్తుంది. ముఖం అరచేతిలోకి వచ్చినప్పుడు ఉండే చనువు గోడకెక్కితే రాదు.

జపాన్‌లో తకాషి అరాయ్ (జననం 1978) దారి వేరు. 2011 ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత అక్కడి ఊళ్ళకు వెళ్ళి మనుషులనూ నేలనూ రేకుల మీదికి ఎక్కించాడు. 1954లో బికినీ దీవి దగ్గర అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద మీద పడిన జపాన్ చేపల పడవ ‘దైగో ఫుకుర్యు మారు’ను, నాగసాకి మ్యూజియంలో ఉన్న ఆగిపోయిన చేతిగడియారాన్ని చిన్న చిన్న రేకుల మీద ముక్కలు ముక్కలుగా తీసి, అన్నిటినీ ఒకచోట పేర్చి నిలబెట్టాడు. ఒక్కో రేకును ఒక చిన్న స్మారక చిహ్నంగా భావిస్తానంటాడు. 2016లో ఆయనకు జపాన్‌లో ఎంతో పేరున్న కిమురా ఇహెయ్ ఫొటోగ్రఫీ పురస్కారం వచ్చింది.

మూడో మనిషి బిన్ డాన్. 1977లో వియత్నాంలో పుట్టి, పసితనంలోనే శరణార్థి కుటుంబంతో అమెరికా చేరాడు. ఒక వ్యాన్‌ను కదిలే డార్క్‌రూమ్‌గా మార్చి, దానికి ఈ పద్ధతిని కనిపెట్టిన లూయీ డాగేర్ గౌరవార్థం ‘లూయీ’ అని పేరు పెట్టుకుని యోసెమిటీ లోయను రేకుల మీద తీశాడు. అవి కొండల బొమ్మలే కదా, ముఖాలెక్కడివి అంటారా? రేకు అద్దం కాబట్టి చూసేవారి ముఖం ఆ కొండల మధ్య కనబడుతుంది. ఎక్కడినుంచో వచ్చి ఆ దేశపు నేలలో తన చోటు వెతుక్కున్న మనిషికి ఆ గుణం ఎందుకు పట్టిందో విడమరిచి చెప్పక్కర్లేదు. కంబోడియాలో ఖ్మేర్ రూజ్ పాలకులు తూల్ స్లెంగ్ జైలులో చంపడానికి ముందు తీయించిన ఖైదీల ఫొటోలను కూడా ఆయన రేకుల మీదికి తెచ్చాడు. వాటి ముందు నిలబడితే ఆ ఖైదీ ముఖం మీద మన ముఖం పడుతుంది. తప్పించుకోలేం.

ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్నదేమిటంటే, డాగరోటైప్‌లో నెగెటివ్ లేదు, రెండో ప్రతి లేదు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి తీసినప్పుడు, ఆ మనిషి ముఖాన్ని తాకి వచ్చిన వెలుగు నేరుగా పడింది మీ చేతిలో ఉన్న ఈ వెండి మీదే. ఆ మనిషి కూర్చున్న గదిలో ఈ రేకు కూడా ఉంది. ఫొటో అనే మాటకు అంత దగ్గరి అర్థం ఇచ్చే పద్ధతి నాకు మరొకటి కనబడలేదు. వాళ్ళు కాపాడుతున్నది ఆ దగ్గరితనాన్నే.

సందేహం: పిల్లలకు సిల్వర్ హాలైడ్ల పాఠం చెబుతుంటాను. డాగరోటైప్ రేకు మీద బొమ్మ ఎలా పుడుతుందో కాస్త వివరంగా చెప్పండి.
— రసాయనశాస్త్రం ఉపాధ్యాయుడు, గుంటూరు

సమాధానం: రాగి రేకు మీద వెండి పొర. మొదటి పని దాన్ని మెరుగుపెట్టడం, అసలు కష్టమంతా ఇక్కడే. మెత్తని పొడులతో మొదలుపెట్టి, చివరికి కంసాలులు వాడే ఎర్ర రూజ్ పొడి అద్దిన మఖ్మల్ లేదా లేడితోలు పట్టీ మీద రుద్దుతారు. వెండి నల్లని నీటి మడుగులా కనిపించేదాకా రుద్దాలి. ఒక్క గీత మిగిలినా, వేలి జిడ్డు తగిలినా ముఖం మీద అది తేలుతుంది.

తర్వాత రేకును అయోడిన్ స్ఫటికాలున్న పెట్టె మీద బోర్లిస్తారు. ఆవిరి తగిలి వెండి మీద సిల్వర్ అయోడైడ్ పొర ఏర్పడుతుంది. పొర మందం పెరిగేకొద్దీ రంగు మారుతుంది: లేత పసుపు, బంగారు వన్నె, గులాబి, ఊదా, నీలం. ఎక్కడ ఆపాలో కంటితోనే తేల్చుకోవాలి. ఇది మీ పిల్లలకు సబ్బు బుడగ రంగుల పాఠంతో కలిపి చెప్పదగ్గ సంగతి, రెండింటికీ మూలం పలుచని పొరలో వెలుగు చేసే పనే. ఆపైన బ్రోమిన్ ఆవిరి, మళ్ళీ కాస్త అయోడిన్. బ్రోమిన్ 1839లో లేదు, ఒకటి రెండేళ్ళ తర్వాత వచ్చి చేరింది. దానితోనే రేకు చురుకుదనం ఎన్నో రెట్లు పెరిగి, మనుషులను కూర్చోబెట్టి తీయడం వ్యాపారమైంది.

కెమెరాలో వెలుగు తగిలాక రేకును చూస్తే ఏమీ కనిపించదు. దాన్ని సుమారు 60 నుంచి 80 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసిన పాదరసం ఆవిరి మీద ఉంచితే, వెలుగు పడినచోట్ల పాదరసం వెండితో కలిసి అతి సూక్ష్మమైన కణాలుగా పేరుకుంటుంది. ఆ కణాలు వెలుగును చెదరగొడతాయి, అవే మనకు తెలుపు. వెలుగు పడనిచోట నున్నని వెండి మిగులుతుంది, అదే నలుపు. మిగిలిన అయోడైడ్‌ను హైపోలో కడిగేస్తారు. మన ఊళ్ళ పాత స్టూడియోల డార్క్‌రూమ్‌లలో ఉండిన హైపోయే అది. చివరగా గోల్డ్ క్లోరైడ్ ద్రావణాన్ని రేకు మీద పోసి కింద దీపం పెట్టి వేడిచేస్తారు. పలుచని బంగారం కణాల మీద కూర్చుని బొమ్మకు పట్టునూ వెచ్చని వన్నెనూ ఇస్తుంది. ఈ చివరి పని 1840లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫిజో కనిపెట్టింది. వెలుగు వేగం కొలిచినవాడిగా మీ పాఠాల్లో కనబడే ఫిజో ఆయనే.

ఆ కణాలు వెలుగుతో ఎలా మెలుగుతాయో 2019లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు కలిసి పరిశోధించారు. కణాల పరిమాణం, ఆకారం బట్టే రేకు వన్నె మారుతుందని, చూసే కోణం బట్టి రంగు తేడా వస్తుందని తేల్చారు. 19వ శతాబ్దపు స్టూడియోవాళ్ళు తెలియకుండానే నానో పదార్థాలతో పనిచేశారన్నమాట.

సందేహం: ఇంటర్ చదువుతున్నాను. పాదరసం, అయోడిన్ దొరికితే ఇంట్లో చేసి చూడవచ్చా సార్?
— విజయవాడ

సమాధానం: వద్దు నాయనా. వేడిచేసిన పాదరసం ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. పీల్చినట్టు తెలియకుండానే నరాలనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. బ్రోమిన్ అంతకన్నా తక్కువేం కాదు, ఊపిరితిత్తులను కాలుస్తుంది. ఇవాళ ఈ పని చేసే కళాకారులు ఆవిరిని బయటికి లాగేసే ప్రయోగశాల గూడు లేనిదే పాదరసం మూత తెరవరు.

పాదరసం లేని దారి ఒకటి ఉంది. 1840లో ఎడ్మండ్ బెక్కరెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, అయోడిన్ మాత్రమే పట్టించిన రేకును కెమెరాలో వెలుగు చూపించాక, ఎర్రని గాజు కింద మళ్ళీ వెలుగులో ఉంచితే బొమ్మ దానంతటదే తేలుతుందని కనిపెట్టాడు. ఇప్పుడు కొత్తగా నేర్చుకునేవాళ్ళలో చాలామంది దీనితోనే మొదలుపెడతారు. గాజు బదులు ఎర్రని ప్లాస్టిక్ ఫిల్మ్ వాడతారు. బ్రోమిన్ లేదు కాబట్టి రేకు చాలా మందకొడి, కూర్చున్న మనిషికి ఓపిక కావాలి. అయోడిన్ ఆవిరి కూడా పీల్చదగ్గది కాదు. కాలేజీలో చేరాక రసాయనశాస్త్రం ప్రయోగశాలలో, అధ్యాపకుడు పక్కనుండగా చెయ్యి. ఈలోపు ఒక వెండి బిళ్ళను మెరుగుపెట్టడం సాధన చెయ్యి. అందులో ప్రమాదం లేదు, సగం విద్య అక్కడే ఉంది.

సందేహం: మాది మూడు తరాల ఫొటో స్టూడియో. ఆ కాలం ఫొటోల్లో అందరూ బిగుసుకుపోయి ఉంటారు. ఇప్పుడు తీసేవాళ్ళు కూడా అలాగే కూర్చోబెడుతున్నారా? మన మేని ఛాయకు ఆ రేకు పనికొస్తుందా?
— స్టూడియో యజమాని, తెనాలి

సమాధానం: బిగుసుకుపోవడానికి కారణం కాలం. 1838లో డాగేర్ తీసిన పారిస్ వీధి దృశ్యంలో బండ్లూ జనమూ మాయమై, బూట్లు మెరుగు పెట్టించుకుంటూ కదలకుండా నిలబడ్డ మనిషి మాత్రం మిగిలాడు. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ అనే దీపాల తయారీదారు తన ఫొటో తానే తీసుకోవడానికి నిమిషాల తరబడి కదలకుండా ఉండాల్సి వచ్చింది. జుట్టు చెదిరి, కళ్ళు సూటిగా చూస్తూ ఉన్న ఆ ముఖం ఇప్పటికీ నిన్న తీసినట్టుంటుంది. బ్రోమిన్ వచ్చాక కాలం సెకన్లలోకి దిగింది. అయినా తల వెనక ఇనుప ఊత పెట్టేవారు. అంతసేపు నవ్వు నిలపడం మనవల్ల కాదు కదా.

ఇప్పుడు రెండు రకాలు. క్లోజ్, స్పాగ్నోలీ చాలా శక్తిమంతమైన ఫ్లాష్ దీపాలు ఒక్కసారిగా పేల్చి తీశారు. ఆ క్షణంలో ఎవరూ కదలలేరు కాబట్టి ముఖం వదులుగా ఉంటుంది. పగటి వెలుగును నమ్ముకున్నవాళ్ళు సెకన్ల తరబడి కూర్చోబెడతారు. నాకు రెండో పద్ధతిలో వచ్చిన ముఖాలంటే ఇష్టం. మనిషి ఊపిరి పీల్చి వదిలినంతసేపటి చూపు అందులో పోగవుతుంది, దాన్ని ఒక్క క్షణంలో పట్టలేం.

మేని ఛాయ గురించి మంచి ప్రశ్న అడిగారు. ఈ రేకుకు నీలం, అతినీలలోహిత కిరణాలే తెలుస్తాయి. ఎరుపు దానికి చీకటితో సమానం. చామనఛాయ, నల్లని మేని నుంచి నీలి వెలుగు తక్కువగా వస్తుంది కాబట్టి వెలుగు మరికాస్త ఇవ్వాలి, అంతే. 19వ శతాబ్దంలో బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన మహావక్త ఫ్రెడరిక్ డగ్లస్ డాగరోటైప్‌లు చూడండి, ఆ చెక్కిళ్ళ మీది వెలుగు ఏ ప్రింటులోనూ అంత నిండుగా రాదు. తెల్లనివారికే అసలు చిక్కు. ఎండ మచ్చలన్నీ నల్లని చుక్కలై తేలతాయి.

సందేహం: మా ముత్తాతగారి ఫొటో ఒకటి చిన్న పెట్టెలో గాజు కింద ఉంది. రాజా దీన్ దయాళ్ తీసిన డాగరోటైప్ అని ఇంట్లో చెప్పుకుంటారు. నిజమేనా?
— సికింద్రాబాద్

సమాధానం: దీన్ దయాళ్ తీసినది కావచ్చు, కానీ అప్పుడది డాగరోటైప్ కాదు. ఆయన పుట్టింది 1844లో, నిజాం కొలువుకు వచ్చింది 1880ల్లో. అప్పటికి డాగరోటైప్ వెనకబడిపోయి రెండు దశాబ్దాలు దాటింది. ఆయన గాజు నెగెటివ్‌లతో తీసి కాగితం మీద ముద్రించేవారు. మన దేశానికి డాగరోటైప్ రాకపోలేదు, 1840 నాటికే కలకత్తాకు కెమెరాలు చేరాయి. కానీ ఇక్కడ తీసి నిలిచినవి చాలా అరుదు.

మీరే పరీక్షించుకోవచ్చు. కిటికీ దగ్గర పట్టుకుని మెల్లగా వంచి చూడండి. ఒక కోణంలో మీ ముఖం అద్దంలోలా కనబడి, బొమ్మ తెలుపు నలుపులు తారుమారైతే డాగరోటైప్. ఎటు వంచినా తారుమారు కాకుండా, వెనక నల్లరంగున్న గాజు మీద ఉంటే ఆంబ్రోటైప్. అయస్కాంతం అంటుకుంటే ఇనుప రేకు మీద తీసిన టిన్‌టైప్. పెట్టె మాత్రం విప్పకండి.

సందేహం: వెండి నల్లబడుతుంది కదా! ఈ రేకులు ఎంతకాలం నిలుస్తాయి? చింతపండుతో తోమితే పోతుందా?
— గృహిణి, కర్నూలు

సమాధానం: తోమితే నలుపుతో పాటు ముఖం కూడా పోతుందమ్మా! బొమ్మ ఉన్నది పైపొర మీదే. మెత్తని గుడ్డ తగిలినా గీత పడుతుంది. అందుకే మొదటినుంచీ గాజు వేసి, అంచులు కాగితపు పట్టీతో మూసి, గాలి సోకకుండా ఉంచుతారు. అలా ఉన్నవి 180 ఏళ్ళు దాటినా చెక్కుచెదరలేదు.

వెలుగు వల్ల చెడవని కూడా చాలాకాలం నమ్మారు. బోస్టన్‌లో సౌత్‌వర్త్, హాస్ అనే ఇద్దరు 1840, 50లలో తీసిన రేకులు ముఖచిత్రాల్లో శిఖరం లాంటివి. వాటిని 2005లో న్యూయార్క్‌లో ప్రదర్శిస్తుండగానే కొన్నిటి మీద తెల్లని మసక కమ్ముకుంది. ముఖాలు కళ్ళముందే మాసిపోయాయి. దాంతో రోచెస్టర్‌లోని జార్జ్ ఈస్ట్‌మన్ మ్యూజియం, అక్కడి విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రజ్ఞులు కలిసి కారణాలు వెతికారు. రేకు మీద మిగిలిన క్లోరిన్ జాడలకు వెలుగు తోడైతే ముప్పు అని తేలింది. విలువైన రేకులను ఆర్గాన్ వాయువు నింపిన చట్రాల్లో ఉంచే ఏర్పాటు అలా వచ్చింది. ఇవాళ్టి కళాకారులు రేకును కడిగే నీటి విషయంలో అంత పట్టింపుగా ఉండటం చాదస్తం కాదు.

సందేహం: రేకును ఫోన్‌తో ఫొటో తీసి పంచుకోవచ్చా?
— నెల్లూరు

సమాధానం: తీస్తే ముందు మీ ఫోనే పడుతుంది. నల్లగుడ్డ ఎదురుగా పట్టి, పక్కనుంచి వెలుగిచ్చి తీయాలి. తీసినా బొమ్మ వస్తుంది కానీ రేకు రాదు.

సందేహం: డాగరోటైప్ ముఖచిత్రాల్లో మానవత్వం ఉందంటారు. బానిసలను బట్టలూడదీసి తీసినవి కూడా డాగరోటైప్‌లే కదా?
— పరిశోధక విద్యార్థి, విశాఖపట్నం

సమాధానం: అవును. దాన్ని దాటవేసి ఈ కళను పొగడటం తప్పు. 1850లో దక్షిణ కెరొలైనాలో జోసెఫ్ జీలీ అనే స్టూడియో యజమాని, హార్వర్డ్ ప్రొఫెసర్ లూయీ అగాసీ కోసం రెంటీ, డీలియా అనే తండ్రీకూతుళ్ళనూ మరికొందరినీ బట్టలు విప్పించి తీశాడు. నల్లజాతివారు వేరే మూలం నుంచి పుట్టిన తక్కువ జాతి అని నిరూపించడం అగాసీ ఉద్దేశం. ఆ రేకులు 1976లో హార్వర్డ్ మ్యూజియం అటకలో బయటపడ్డాయి. కళాకారిణి క్యారీ మే వీమ్స్ 1990ల్లో వాటిని ఎర్రరంగులో ముద్రించి, అక్షరాలు జోడించి, చూసేవారిని నిలదీసే పని చేసింది. రెంటీ తమ పూర్వీకుడని చెబుతున్న టమారా లనియర్ 2019లో దావా వేశారు. 2025లో రాజీ కుదిరి, ఆ రేకులను చార్ల్‌స్టన్‌లోని ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియానికి అప్పగించడానికి హార్వర్డ్ ఒప్పుకుంది.

అదే యంత్రం, అదే వెండి. కూర్చున్నవారికి ఒప్పుకునే హక్కు ఉందా లేదా అన్నదే తేడా. అందుకే ఇవాళ్టి ముఖచిత్రకారుల్లో నాకు గౌరవం ఉన్నవాళ్ళు రేకు సిద్ధం చేయడానికి ముందు మనిషితో కూర్చుని మాట్లాడతారు, పని ఎలా సాగుతుందో చెబుతారు, ఆవిరి పెట్టెలు చూపిస్తారు. ఈ పద్ధతి నిదానంగా సాగడం వల్ల దొరికే మేలు అదే. దొంగచాటుగా తీయడం ఇందులో కుదరదు. ఇష్టం లేని మనిషిని బలవంతంగా తీయడం మాత్రం కుదురుతుందని ఆ రేకులు చెబుతున్నాయి.

సందేహం: మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చారు. ఇక్కడ ఒక కళాకారుడి దగ్గర ఆవిడ డాగరోటైప్ తీయించాలనుకుంటున్నాం. ఏ చీర కట్టుకోమంటారు? ఇంకేం జాగ్రత్తలు?
— న్యూజెర్సీ

సమాధానం: ఎంత మంచి ఆలోచన! ముందు ఆవిడను మెట్రోపాలిటన్ మ్యూజియానికి తీసుకెళ్ళండి. డాగరోటైప్‌లు ప్రదర్శనలో ఉన్నాయేమో అడిగి వెళ్ళండి. రేకు ఎలా ఉంటుందో చూశాక కూర్చుంటే బెరుకు ఉండదు.

రంగుల సంగతి. ఎర్రని కుంకుమ నల్లని బొట్టుగా వస్తుంది, అదేమీ లోపం కాదు, ముఖానికి నిండుగా ఉంటుంది. పసుపు రాసుకుంటే ఛాయ ముదురుతుంది, ఆ రోజుకు మానేయమనండి. ఎరుపు, మెరూన్ పట్టుచీరల్లో నేత కనబడకుండా నల్లబారుతుంది. నీలం, లేత ఊదా చీరలు దాదాపు తెల్లగా వస్తాయి. ముఖం కన్నా చీర ఎక్కువ వెలిగితే బాగుండదు. నన్నడిగితే ఆకుపచ్చ లేదా గోధుమరంగు నేత చీర, వెడల్పాటి జరీ అంచు. అంచు గళ్ళు రేకు మీద ఎంత స్పష్టంగా వస్తాయో చూసి మీరే ఆశ్చర్యపోతారు.

బొమ్మ కుడిఎడమలు మారి వస్తుంది. పైట కుడి భుజం మీద ఉన్నట్టు కనబడుతుంది, ముక్కుపుడక అటుది ఇటవుతుంది. అద్దంలో రోజూ చూసుకునే ముఖం కాబట్టి ఆవిడకు సహజంగానే ఉంటుంది, మీకే కాస్త కొత్తగా అనిపిస్తుంది. అది వద్దనుకుంటే కటకం ముందు అద్దమో పట్టకమో పెట్టి తీయమని అడగవచ్చు. వెలుగు కొంత తగ్గి, ఇంకొంచెంసేపు కూర్చోవాలి.

ఆవిడకు వీపు ఆనించుకునే కుర్చీ వేయమనండి. రెప్ప వేయడానికి భయపడనక్కర్లేదు. కొన్ని సెకన్ల కాలంలో ఒక రెప్పపాటు రేకు మీద పడదు. చూపు మాత్రం ఒకేచోట నిలపాలి. మీరు కెమెరా పక్కన నిలబడి ఆవిడతో మాట్లాడుతూ ఉండండి, తీసే క్షణంలో ఆపండి.

వీలైతే రెండు రేకులకు మాట్లాడుకోండి. చేయి తిరిగినవాళ్ళకు కూడా ఒకటి చెడిపోతుంటుంది. రెండూ బాగా వస్తే ఒకటి రాజమండ్రి వెళ్తుంది. అంచులు గట్టిగా మూయించి, గోదావరి గాలికి చెమ్మ పట్టని లోపలి గదిలో, ఎండ పడని గోడకు పెట్టమనండి. విమానంలో సామానుతో పంపకుండా చేతి సంచిలోనే పెట్టుకోమని చెప్పండి.